కనబడని కృషి

మహాభారతం ఆదిపర్వంలో ఒక చిన్న ఘట్టం ఉంది. కురుకుమారులు ద్రోణాచార్యుని వద్ద ధనుర్విద్య అభ్యసిస్తున్న రోజులవి. ఒకనాటి రాత్రి అర్జునుడు భోజనం చేస్తుండగా గాలి వీచి దీపం ఆరిపోయింది. చీకటిలోనూ అతని చేయి తడబడకుండా నోటికే చేరింది. నిత్యాభ్యాసం వల్ల కంటి సాయం లేకపోయినా చేయి తన పని తాను చేసుకుపోతున్నదని అర్జునుడు గ్రహించాడు. అన్నం ముద్ద విషయంలో సాధ్యమైనది బాణం విషయంలో ఎందుకు సాధ్యం కాదని తలచి, నాటినుంచి రాత్రివేళ కూడా విలువిద్య సాధన చేయసాగాడు. నిశిరాత్రి వింటినారి మోత విన్న ద్రోణుడు లేచి వచ్చి శిష్యుణ్ణి కౌగిలించుకొన్నాడు. కొంతకాలం తరువాత రంగమధ్యంలో కుమారుల విద్యాప్రదర్శన జరిగింది. పురజనులు అర్జునుని కౌశలం చూసి జయజయధ్వానాలు చేశారు. జనం చూసినది ఆ పగటి ప్రదర్శనను. గురువు విన్నది ఆ రాత్రి మోతను. ఆ రాత్రులు లేకపోతే ఆ పగలు లేదు.

ఈ ఘట్టంలోని సత్యం కళాశాల క్రీడలకు ఎంతగానో వర్తిస్తుంది. కళాశాల జట్టు ఏడాదిలో పోటీలలో పాల్గొనేది కొద్ది రోజులే. పురుషుల కబడ్డీ పోటీ ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలుగా, మొత్తం నలభై నిమిషాలు సాగుతుంది. అంతర్ కళాశాల పోటీలలో ఒక జట్టు నాలుగైదు ఆటలు ఆడినా, బరిలో గడిపిన సమయమంతా కలిపితే మూడు నాలుగు గంటలకు మించదు. ఆ గంటలకే ప్రేక్షకులుంటారు, చప్పట్లుంటాయి, పత్రికలో పేరు ఉంటుంది. మిగిలిన పది పదకొండు నెలల గురించి అడిగేవారుండరు. పోటీల ప్రకటన వెలువడిన తరువాత మైదానానికి వచ్చి, పదిరోజులు చెమటోడ్చి, కప్పు చేతబట్టుకోవాలని ఆశించే విద్యార్థులు ప్రతి కళాశాలలోనూ కనిపిస్తారు. వారిలో ఉత్సాహానికి కొదవ లేదు. లోపించినది కాలం. పోటీలు లేని కాలంలో జరగవలసిన పనిని పోటీల కాలంలో చేయడం ఎందుకు సాధ్యం కాదో తెలుసుకొంటే, కనబడని కృషి విలువ తేటతెల్లమవుతుంది.

మొదటి కారణం శరీరధర్మంలోనే ఉంది. దేహం తనకు అప్పగించిన పనికి తగినట్లు తన్ను తాను మలచుకొంటుంది. ఆ పని మానివేస్తే ఆ మార్పును క్రమంగా వదులుకొంటుంది. నెలల తరబడి పరుగు సాధన చేసినవాని గుండె ఒక్కొక్క స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతుంది. కండరాల చుట్టూ సన్నని రక్తకేశనాళికలు పెరుగుతాయి. కండకణాల్లో శక్తిని పుట్టించే మైటోకాండ్రియాల సంఖ్య అధికమవుతుంది. దీనినే వాడుకలో 'దమ్ము' అంటారు. సాధనను రెండు మూడు వారాలు పూర్తిగా మానివేస్తే ఈ దమ్ము తగ్గడం మొదలవుతుంది. కండబలం మరికొంత కాలం నిలిచినా, అదీ శాశ్వతం కాదు. కండరాలకంటె నెమ్మదిగా గట్టిపడేవి ఎముకలు, కండరాన్ని ఎముకకు కలిపే స్నాయుబంధనాలు. కొద్దివారాల్లో కండరం బలపడవచ్చు గాని, ఆ బలాన్ని మోయవలసిన బంధనాలు సిద్ధపడడానికి నెలలు పడుతుంది. చాలాకాలం ఊరకుండి, పోటీలకు ముందు ఒక్కసారిగా తీవ్రసాధనకు దిగిన ఆటగాళ్లు మోకాలు, మడమ, భుజం పట్టుకొని కూలబడడానికి ముఖ్యకారణం ఇదే.

క్రీడాశాస్త్రం ఈ విషయాన్ని ఏనాడో గుర్తించింది. సోవియట్ శాస్త్రజ్ఞుడు లెవ్ మత్వేయెవ్ 1960ల్లో క్రీడాకారుని సంవత్సరాన్ని మూడు భాగాలుగా విభజించి చూపాడు. మొదటిది సన్నాహకాలం. ఇందులో దమ్ము, బలం, ఆటకు కావలసిన మూలనైపుణ్యాలు పెంపొందించుకోవాలి. రెండవది పోటీలకాలం. ఇందులో కొత్తగా సంపాదించేది స్వల్పం; సంపాదించిన దానిని పదునుగా నిలుపుకోవడమే ప్రధానం. మూడవది పరివర్తనకాలం. ఇది అలసిన దేహానికీ మనసుకూ సేదదీర్చే కాలం. రైతుకు దుక్కి, నాటు, కోత అనే వరుస ఎంత సహజమో, క్రీడాకారునికి ఈ క్రమం అంత సహజం. దుక్కి దున్నవలసిన నాడు ఊరకుండి, కోతలనాడు కొడవలి పట్టుకొని పొలానికి వెళ్లినవానికి దక్కేదేమీ ఉండదు.

రెండవ కారణం నైపుణ్యానికి సంబంధించినది. అలవాటైన తప్పును దిద్దుకోవడానికి కొంతకాలం ఆట చెడడం తప్పదు. వాలీబాల్ ఆటగాడు సర్వీసు చేసే తీరు మార్చుకొంటే మొదట్లో చాలా బంతులు వలకు తగులుతాయి. కుడివైపునుంచే కూతకు వెళ్లే కబడ్డీ ఆటగాడు ఎడమవైపు నేర్చుకోబోతే పదేపదే పట్టుబడతాడు. పోటీల మధ్య ఇటువంటి ప్రయోగానికి ఎవరూ సాహసించరు. అందువల్ల పాత తప్పుతోనే ఆడి, ఆ తప్పుతోనే ఓడిపోతారు. గెలుపోటముల లెక్క లేని రోజుల్లోనే తప్పులు చేయడానికి స్వేచ్ఛ ఉంటుంది. తప్పులు చేసే స్వేచ్ఛ ఉన్నచోటనే విద్య అలవడుతుంది.

ఈ రహస్యం తెలిసిన మహాశిక్షకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడలలో స్వర్ణపతకాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. బలమైన కాలితోనే బంతి తన్నడం ఆటగాళ్లకు స్వభావం. రహీం వారికి బలహీనమైన కాలిని మాత్రమే వాడే ఆటలు ఏర్పాటు చేసి ఆడించేవాడు. ఆ ఆటలు చూసినవారికి అవి నవ్వు పుట్టించి ఉండవచ్చు. కాని రెండు కాళ్లనూ సమానంగా వాడగల ఆటగాడు ఎటు తిరుగుతాడో ప్రత్యర్థికి అంతుపట్టదు. పోటీనాడు ప్రేక్షకులు మెచ్చుకొన్న చాకచక్యానికి వెనుక, ఎవరూ మెచ్చుకోని ఆ తడబాటు ఆటలు ఉన్నాయి.

మూడవ కారణం అన్నింటికంటె ముఖ్యమైనది. జట్టుక్రీడలో ఒక్కని నైపుణ్యం చాలదు. పలువురు ఒక్కటి కావాలి. ఒక్కటి కావడం ఆజ్ఞవల్ల జరిగేది కాదు. ఇందుకు ప్రపంచ క్రీడాచరిత్రలో నిలిచిపోయిన కళాశాల జట్టు ఒకటి ఉదాహరణగా ఉంది.

అమెరికా వాయవ్యభాగంలోని సియాటిల్ నగరంలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి విద్యార్థులకు పడవపందెం ప్రధానక్రీడ. దాదాపు అరవై అడుగుల పొడవున్న సన్నని పడవలో ఎనిమిదిమంది వరుసగా కూర్చొని తెడ్లు వేస్తారు. తొమ్మిదవవాడు వారికి ఎదురుగా కూర్చొని చుక్కాని పట్టి, లయ చెబుతాడు. తెడ్లు వేసేవారి వీపులు గమ్యంవైపు ఉంటాయి. తాము చేరవలసిన చోటు వారికి కనబడదు. ముందున్నవాని వీపు, తెడ్డు చప్పుడు, చుక్కాని పట్టినవాని మాట, ఇవే వారికి ఆధారాలు. ఎనిమిది తెడ్లు ఒకే క్షణంలో నీటిలో మునిగి, ఒకే క్షణంలో పైకి లేస్తేనే పడవ సాగుతుంది. ఒక్కడు అరక్షణం వెనుకబడినా మిగిలిన ఏడుగురి శ్రమ వృథా అవుతుంది.

ఈ పందేలు జరిగేది వసంతంలోనూ వేసవి ఆరంభంలోనూ. సాధన మాత్రం శరత్కాలంలోనే మొదలయ్యేది. 1933 శరత్తులో వందమందికి పైగా కొత్త విద్యార్థులు జట్టులో చేరడానికి వచ్చారు. వారికి మొదట పందెపు పడవ ఇవ్వలేదు. 'ఓల్డ్ నీరో' అనే వెడల్పాటి బల్లకట్టులాంటి నావలో కూర్చోబెట్టి తెడ్డు పట్టడం నేర్పారు. సియాటిల్‌లో శీతకాలమంతా వాన, చలిగాలి. చేతులు బొబ్బలెక్కి, వెన్ను నొప్పెట్టి, చలికి తాళలేక రోజురోజుకూ కొందరు మానివేస్తూ వచ్చారు. వారిని ఎవరూ వెళ్లగొట్టలేదు, ఎవరూ బతిమాలలేదు. చూసేవారు లేని ఆ సరస్సు మీద మిగిలినవారు మిగిలారు.

అలా మిగిలినవారిలో జో రాంట్జ్ ఒకడు. ఆర్థికమాంద్యపు రోజులవి. చిన్ననాడే కుటుంబం తన్ను విడిచి వెళ్లిపోగా, తన పొట్ట తాను పోసుకొని చదువుకొన్న యువకుడతడు. 1935 వేసవిసెలవుల్లో కళాశాల ఖర్చుల నిమిత్తం కొలంబియా నదిపై కడుతున్న గ్రాండ్ కూలీ ఆనకట్ట వద్ద కూలికి చేరాడు. కొండచరియలకు తాళ్లతో వేలాడుతూ బరువైన యంత్రంతో రాళ్లు పగలగొట్టే పని అది. జట్టులోని మరి ఇద్దరు, చార్లెస్ డే, జాన్ వైట్, అక్కడికే పనికి వచ్చారు. కళాశాలలో ముఖపరిచయం మాత్రమే ఉన్న ఆ ముగ్గురూ ఆ వేసవిలో స్నేహితులయ్యారు. బాల్యానుభవాల వల్ల ఎవరినీ నమ్మలేని రాంట్జ్ పక్కవానిని నమ్మడం నేర్చుకొన్నది అక్కడే మొదలైంది. ఏ శిక్షకుడూ నిర్ణయించని, ఏ పట్టికలోనూ చేరని సాధన ఇది. విశ్వవిద్యాలయపు పడవలశాలలో పడవలు తయారుచేసే జార్జ్ పోకాక్ కూడా రాంట్జ్‌కు ఇటువంటి హితమే బోధించాడు. తెడ్డు వేసే బలం అతనికి ఉన్నదనీ, తక్కినవారిపై నమ్మకం కుదరడమే మిగిలి ఉన్నదనీ ఆ పెద్దాయన గ్రహించాడు.

శిక్షకుడు ఆల్ ఉల్‌బ్రిక్సన్ ఎన్నోసార్లు మనుషులను మార్చి మార్చి చూశాడు. 1936 వసంతంలో గాని ఆ తొమ్మిదిమంది ఒకే పడవలోకి రాలేదు. ఆ తరువాత వారు ఓటమి ఎరుగలేదు. ఆ సంవత్సరం ఆగస్టు 14న బెర్లిన్ ఒలింపిక్స్ అంతిమపందెం జరిగింది. వారికి దక్కినది ఎదురుగాలి అధికంగా తగిలే ఆరవ వరుస. లయకు మూలమైన డాన్ హ్యూమ్ జబ్బుపడి ఉన్నాడు. ఆరంభసంకేతం గాలిహోరులో సరిగా వినబడక పడవ ఆలస్యంగా కదిలింది. సగం దూరం దాటేదాకా వెనుకబడే ఉన్నారు. చివరకు 2,000 మీటర్ల దూరాన్ని 6 నిమిషాల 25.4 సెకన్లలో ముగించి స్వర్ణపతకం గెలిచారు. రెండవ స్థానం పొందిన ఇటలీ కాలం 6 నిమిషాల 26 సెకన్లు. మూడవదైన జర్మనీ కాలం 6 నిమిషాల 26.4 సెకన్లు. మూడు పడవల మధ్య ఉన్న దూరం ఒక్క సెకను.

ఆ ఒక్క సెకను ఎక్కడ సంపాదించారు? పందెపు రోజున మాత్రం కాదు. ఆనాడు దేహబలం ఇటలీవారికీ ఉంది, జర్మనీవారికీ ఉంది. జబ్బుపడిన స్నేహితుడు తెడ్డు వదలడనీ, తాము అలసినా వెనుకవాడు అలసట చూపడనీ నమ్మగలగడం మూడు శీతకాలాల వానలో సంపాదించినది.

ఆ ఆగస్టు 14నే బెర్లిన్‌లో జరగవలసిన హాకీ అంతిమపోటీ వర్షంవల్ల మరునాటికి వాయిదా పడింది. 15వ తేదీన ధ్యాన్‌చంద్ నాయకత్వంలోని భారతజట్టు జర్మనీని 8-1 తేడాతో ఓడించింది. ఆ విజయం అందరికీ తెలుసు. ఒలింపిక్స్‌కు ముందు జరిగిన ఒక సాధనపోటీలో అదే జర్మనీ చేతిలో అదే భారతజట్టు 1-4 తేడాతో ఓడిపోయిన సంగతి తెలిసినవారు తక్కువ. పతకాల పట్టికలో చేరని ఆ ఓటమే జట్టులోని లోపాన్ని బయటపెట్టింది. దారా అనే ఆటగాణ్ణి స్వదేశంనుంచి పిలిపించి లోపాన్ని పూరించుకొన్నారు. లెక్కకు రాని ఆట లెక్కకు వచ్చే ఆటను నిలబెట్టిన తీరు ఇది.

ఇంతవరకు చెప్పిన ఉదాహరణలన్నీ గెలిచినవారివి. ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న పుడుతుంది. ఏడాది పొడవునా శ్రమించినా గెలుపు దక్కనివారి మాట ఏమిటి? జట్టులో పదిమందికే చోటు ఉన్నప్పుడు పదకొండవవాని శ్రమకు ఫలమేమిటి? 'కష్టే ఫలి' అని చెప్పి ఊరుకోవడం ఈ ప్రశ్నకు సమాధానం కాదు. కష్టపడిన ప్రతివానికీ కప్పు దొరకదు. ఇది విద్యార్థులు ముందుగానే తెలుసుకోవలసిన సత్యం.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి ఆనాడు ఒక్క పడవే కాదు, చాలా పడవలు ఉన్నాయి. 1936 జూన్‌లో పొకీప్సీ నగరంవద్ద జరిగిన జాతీయ కళాశాలల పందేలలో దాని ప్రథమజట్టు, ద్వితీయజట్టు, కొత్త విద్యార్థుల జట్టు మూడూ గెలిచాయి. ద్వితీయజట్టు సభ్యులకు బెర్లిన్‌లో తెడ్డు పట్టే అవకాశం రాలేదు. అయితే ప్రతిదినం ప్రథమజట్టుతో పందెంవేసి, దానిని క్షణమైనా ఏమరనీయకుండా చేసినది వారే. సమఉజ్జీ అయిన ప్రత్యర్థి తమ ఇంటిలోనే లేకపోతే ఆ తొమ్మిదిమందికి అంతటి పదును వచ్చేది కాదు. కబడ్డీ జట్టుకు కూడా ఇదే న్యాయం. సాధనలో ఎదుటిపక్షాన నిలిచి గట్టిగా పట్టుపట్టేవాడు లేకపోతే కూతకు వెళ్లేవానికి నేర్పు రాదు. జాబితాలో పేరు లేని ఆటగాడు కూడా జట్టు బలంలో భాగస్వామి. జనం గుర్తించకపోవచ్చు; సహచరులు తప్పక గుర్తించాలి. గెలిచిన కప్పును మొదట ఆ విద్యార్థి చేతికి అందించే నాయకుడు ఉన్న జట్టు మరుసటి ఏడాది కూడా నిలబడుతుంది.

కనబడని కృషికి మరొక ప్రయోజనం ఉంది. ఎవరూ చూడనప్పుడు చేసే పనిలో మనిషి తన స్వభావాన్ని తాను తెలుసుకొంటాడు. చప్పట్ల మధ్య పరుగెత్తడానికి పెద్ద ధైర్యం అక్కరలేదు. వేకువన లేచి, తోడెవ్వరూ లేని మైదానంలో, నేడు ఒక్కరోజు మానితే ఎవరికీ తెలియదని తెలిసికూడా చెప్పులు విప్పి పరుగుకు దిగడానికి ధైర్యం కావాలి. జట్టుక్రీడలో ఆ ఒక్కరోజు మానడం తన సొంత విషయం కాదు. ఏడుగురు నిలిచే బరిలో ఒక్కని దమ్ము తగ్గితే ఆ ఖాళీ మిగిలిన ఆరుగురిపై పడుతుంది. కనుక ఒంటరిగా చేసే ఈ సాధన నిజానికి తోటివారికి ఇచ్చిన మాటను నిలుపుకోవడమే.

అయితే కృషి అంటే విరామం లేని శ్రమ అని పొరబడరాదు. దేహం బలపడేది శ్రమించిన సమయంలో కాదు, శ్రమ తరువాత విశ్రమించిన సమయంలో. నేర్చిన నైపుణ్యం మెదడులో స్థిరపడడానికి నిద్ర తోడ్పడుతుంది. నొప్పిని దాచుకొని ఆడడం వీరత్వం కాదు. అది చిన్న గాయాన్ని పెద్దది చేసుకోవడమే. శ్రమను కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి. వారంలో ఒకటి రెండు రోజులు విశ్రాంతికి కేటాయించాలి. ఎదిగే వయసులో ఉన్నవారికి అన్నం, పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూరలతో కూడిన సమతులాహారం ఎంతో అవసరం. చదువును పక్కకు నెట్టి చేసే సాధన కూడా సరైనది కాదు. పరీక్షల కాలంలో సాధన అరగంటకు తగ్గినా ఫరవాలేదు. పూర్తిగా ఆగకుండా ఉంటే చాలు. సంపాదించిన దమ్మును నిలుపుకోవడానికి, దానిని సంపాదించడానికి పట్టినంత శ్రమ అక్కరలేదు.

ఇందుకు ఖరీదైన సాధనాలు లేకపోయినా జరుగుతుంది. నాలుగు మాటలు రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం, పరుగెత్తడానికి ఒక గట్టిబాట, తప్పు చెప్పగల ఒక స్నేహితుడు ఉంటే ప్రారంభించవచ్చు. గడచిన పోటీలలో ఏ చోట ఓడిపోయామో రాసుకోవాలి. ఆ లోపాలలో ఒక్కదానిని ఎన్నుకొని రెండు మూడు నెలలు దానిమీదనే దృష్టి నిలపాలి. ఈ వారం చేసినదానిని వచ్చేవారం చేసినదానితో పోల్చి చూసుకోవాలి. ఇతరులతో పోలిక ఈ కాలంలో అనవసరం. కలిసి సాధన చేసే వీలులేని సెలవుల్లో ఎవరి ఊరిలో వారు సాధన చేసి, తిరిగివచ్చాక జట్టుగా కూడాలి. అప్పుడు ఎవరు శ్రమించారో, ఎవరు శ్రమించలేదో అడగనవసరం లేదు. మొదటిరోజు మైదానమే చెబుతుంది.

క్రీడాజీవితం చాలామందికి కళాశాలతోనే ముగుస్తుంది. ఇంటర్మీడియట్‌లో కబడ్డీ ఆడినవారిలో జాతీయజట్టుకు చేరేవారు అరుదు. మిగిలినవారు ఉపాధ్యాయులవుతారు, రైతులవుతారు, వైద్యులవుతారు, ఉద్యోగులవుతారు. ఆ జీవితాలలో కూడా పోటీరోజులు కొన్నే, సన్నాహపు రోజులు ఎన్నో. తరగతిగదిలో ఒక గంట చెప్పే పాఠానికి వెనుక రాత్రిచదువు ఉంటుంది. శస్త్రచికిత్సలో ఒక క్షణంలో కదిలే చేతికి వెనుక ఏళ్ల అభ్యాసం ఉంటుంది. చూసేవారు లేనప్పుడు కూడా పనిని శ్రద్ధతో చేయడం మైదానంలో అలవడితే, అది మైదానం విడిచిన తరువాత కూడా వెంట వస్తుంది. కప్పులు కళాశాల అద్దాలబీరువాలో ఉండిపోతాయి; ఈ అలవాటు మాత్రం విద్యార్థితోపాటు గడపదాటి వెళుతుంది.

దీపం ఆరిన రాత్రి అర్జునుడు దీపం వెలిగించుమని అడగలేదు. చీకటినే సాధనకు అనుకూలంగా మలచుకొన్నాడు. పోటీలు లేని కాలం విద్యార్థిక్రీడాకారునికి అటువంటి చీకటి. అందులో ప్రేక్షకులుండరు, ప్రశంసలుండవు, ఫలితం వెంటనే కనబడదు. ఆ చీకటిలో వింటినారి మోగించినవానికి వెలుగు వచ్చిన నాడు గురి వెదకుకోవలసిన అవసరం ఉండదు.